పి.ఎస్. పీరియడుకీ ఎన్.ఎస్. పీరియడుకీ మధ్య: లుయీజీ గాల్వానీ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామందే ఉంటారు కదా, నేను ఒక శాస్త్రవేత్త జీవితం రాస్తానన్నాను. విద్యుత్ రంగంలో ముప్పై ఏళ్ల పైబడి పనిచేస్తున్న ఇంజనీరుని. మా పనిలో ఒక మనిషి పేరు రోజుకు పదిసార్లు వినపడుతుంది. జి.ఐ. పైపు, జి.ఐ. తీగ, జి.ఐ. రేకు అంటాం. అందులో 'జి' అంటే గాల్వనైజ్డ్, ఇనుము మీద జింకు పూత వేసినది అని అర్థం. ఆ మాటలో ఉన్న గాల్వానీ ఎప్పుడూ ఇనుముకు పూత వేయలేదు. ఆయన వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన ఉపాధ్యాయుడు. కండరం ఎందుకు కదులుతుందన్న ఒక్క ప్రశ్న మీద జీవితంలో చివరి ఇరవై ఏళ్లు గడిపినవారు.

పదో తరగతిలో మన పి.ఎస్. మాస్టారు బోర్డు మీద వోల్టా ఘటం బొమ్మ గీసేవారు. గాజు పాత్ర, సజల గంధకికామ్లం, ఒక రాగి పలక, ఒక జింకు పలక. ఎన్.ఎస్. మాస్టారు వేరే పీరియడులో నాడీకణం బొమ్మ గీసి, ప్రతీకార చర్య గురించి చెప్పేవారు. మొదటిది జనరల్ సైన్స్ ఒకటో పేపరుకు, రెండోది రెండో పేపరుకు చదివాం. నిజానికి ఈ రెండు బొమ్మలకూ మూలం ఒకటే, ఒక కప్ప కాలు. దాన్ని చూసిన ఇద్దరు ఇటలీ ఆచార్యులు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. వోల్టా పేరు మనకు కంఠతా వచ్చింది. రెండోవారి గురించి ఈ వ్యాసం.

బొలోన్యా వైద్యుడు

లుయీజీ గాల్వానీ 1737 సెప్టెంబరు 9న ఇటలీలోని బొలోన్యా నగరంలో పుట్టారు. తండ్రిది బంగారు పని. ఆ నగరం అప్పట్లో పోపు గారి పాలనలో ఉండేది. ఐరోపాలో అతి పురాతనమైన విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. చిన్నతనం నుంచీ దైవభక్తి ఎక్కువ. పదిహేనేళ్ల వయసులో మఠంలో చేరిపోతానంటే ఇంట్లోవాళ్లు నచ్చజెప్పి చదువు వైపు తిప్పారు. 1759లో వైద్యంలోనూ తత్వశాస్త్రంలోనూ పట్టాలు పుచ్చుకున్నారు. 1762లో ఎముకల మీద సిద్ధాంత వ్యాసం సమర్పించారు. ఆ ఏడాదే తన గురువు గలియాట్సి గారి కూతురు లూచియాను పెళ్లి చేసుకున్నారు.

లూచియా ఆచార్యుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. భర్త చేసే పని ఆమెకు కొత్త కాదు. వాళ్ల ఇంట్లోనే ప్రయోగశాల ఉండేది, అక్కడ ఆమె కూడా పనిలో చెయ్యి వేసేవారు. వారికి పిల్లలు లేరు. మేనల్లుడు జొవాన్నీ ఆల్దీనీ ఆ ఇంట్లో ప్రయోగాలు చూస్తూ, సాయం చేస్తూ పెద్దవాడయ్యాడు.

మొదటి ఇరవై ఏళ్లలో గాల్వానీ పక్షుల మూత్రపిండాల మీద, పక్షుల చెవి నిర్మాణం మీద ఓపికగా పనిచేశారు. 1782లో ప్రసూతి శాస్త్రం ఆచార్యులయ్యారు. రోగులను చూడడం, శస్త్రచికిత్స చేయడం, విద్యార్థులకు శరీరం కోసి చూపించడం ఆయన రోజువారీ పని. కప్ప వెన్ను దగ్గర నుంచి తొడల్లోకి దిగే సన్నని తెల్లటి నాడిని తెగిపోకుండా విడదీసి పెట్టాలంటే చెయ్యి ఎంతో నేర్పు పొందాలి. ఆ చెయ్యి ఆయనకు అలా వచ్చింది.

అప్పటి ప్రశ్న

మనం వేలు కదపాలనుకుంటే వేలు కదులుతుంది. మెదడు నుంచి వేలి దాకా వెళ్లేదేమిటి? నాడులు సన్నని గొట్టాలనీ, వాటిలో ఒక సూక్ష్మ ద్రవం ప్రవహించి కండరాన్ని ఉబ్బిస్తుందనీ వెయ్యేళ్లకు పైగా నమ్మారు. 17వ శతాబ్దంలో డచ్చి శాస్త్రవేత్త స్వామర్డామ్ కప్ప కండరాన్ని గాజు గొట్టంలో బిగించి, గొట్టం కొసన ఒక నీటి బొట్టు ఉంచి, నాడిని తాకి చూశారు. కండరం ముడుచుకుంది కానీ నీటి బొట్టు పైకి జరగలేదు. అంటే కండరంలోకి బయటి నుంచి ఏ ద్రవమూ వచ్చి చేరలేదు. పాత నమ్మకం అలా దెబ్బతింది కానీ దాని స్థానంలోకి మరొకటి రాలేదు.

ఇంతలో విద్యుత్తు మీద ఐరోపా అంతటా మోజు పుట్టింది. 1745-46లో లేడెన్ జాడీ వచ్చింది. గాజు సీసాకు లోపల, బయట లోహపు రేకు అంటించి విద్యుదావేశాన్ని నిల్వచేసే సాధనం అది, మన కెపాసిటరుకు తాతగారు. 1770లలో ఆంగ్లేయుడు జాన్ వాల్ష్ టార్పెడో అనే సముద్రపు చేప కొట్టే దెబ్బ విద్యుత్తు వల్లేనని చూపించారు. అయితే నాడుల్లో నడిచేది కూడా విద్యుత్తేనా? ఒక గట్టి అభ్యంతరం అడ్డొచ్చింది. శరీరమంతా ఉప్పునీటి తడి. ఇన్సులేషన్ లేని తీగను ఉప్పునీళ్లలో పడేస్తే కరెంటు దారి తప్పి చుట్టూ పారిపోతుంది కదా, నాడిలో మాత్రం ఎలా నిలుస్తుంది? ఇంజనీరుగా చెబుతున్నాను, ఇది చాలా సరైన ప్రశ్న.

కత్తి పిడి

1780 ప్రాంతంలో గాల్వానీ కప్పల మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. కప్ప వెనక కాళ్లు, వాటికి వెళ్లే నాడులు, కాస్త వెన్నుపాము మాత్రం ఉంచి బల్ల మీద పెట్టేవారు. బల్ల మీదే కొంచెం దూరంలో, చేత్తో తిప్పితే నిప్పురవ్వలు పుట్టించే విద్యుత్ యంత్రం ఉండేది. ఒకరోజు సహాయకుడు కత్తి మొనతో నాడిని తాకగానే కాళ్లు గట్టిగా తన్నుకున్నాయి. సరిగ్గా అదే క్షణంలో యంత్రం నుంచి నిప్పురవ్వ లేచిందని పక్కనున్నవారు గమనించారు. ఆ గమనించింది లూచియా అని చెప్పుకుంటారు. యంత్రానికీ కప్పకూ మధ్య తీగ ఏదీ లేదు.

జబ్బుగా ఉన్న లూచియాకు కప్పల పులుసు కాస్తుంటే ఇది కనపడిందని ఒక కథ చాలా పుస్తకాల్లో ఉంది. గాల్వానీ స్వయంగా రాసిన వివరణలో పులుసు మాటే లేదు. ఆయన ఈ విషయం మీద కావాలని, పద్ధతి ప్రకారం పనిచేస్తున్న మనిషి. ఆ తరవాత ఆయన చేసింది చూస్తే అది తెలుస్తుంది.

అదే కత్తితో మళ్లీ తాకితే కొన్నిసార్లు కాలు కదిలింది, కొన్నిసార్లు కదల్లేదు. మనలో చాలామంది ఇలాంటప్పుడు ఏదో లూజు కాంటాక్టు అని వదిలేస్తాం. గాల్వానీ వదల్లేదు. కత్తికి ఎముక పిడి ఉంది. చెయ్యి ఎముక మీదే ఉంటే కదలిక లేదు. వేలు ఇనుప భాగానికి తగిలితే కదలిక ఉంది. ఎముక బదులు గాజు కడ్డీ పెట్టి చూశారు, ఇనుప కడ్డీ పెట్టి చూశారు. మనిషి శరీరం గుండా భూమికి దారి దొరికితేనే కాలు తన్నుకుంటోందని తేలింది. మా భాషలో ఎర్త్ రిటర్న్ అంటాం. విద్యుత్తుకు ఇంకా సరైన కొలతే లేని రోజుల్లో ఒక వైద్యుడు దాన్ని కత్తి పిడి దగ్గర పట్టుకున్నారు.

ఇనుప కమ్మీలు

ల్యాబులోని నిప్పురవ్వకు కదిలే కాలు ఆకాశంలోని మెరుపుకు కదలదా? 1786లో దీన్ని చూశారు. ఇంటి కప్పు మీద నుంచి పొడవాటి తీగ దింపి నాడికి కట్టారు, కాలికి కట్టిన ఇంకో తీగను బావి నీళ్లలోకి వదిలారు. మెరుపు మెరిసిన ప్రతిసారీ కాళ్లు తన్నుకున్నాయి. ఉరుము వినపడేలోపే! ఈ రోజు చూస్తే అది ఏరియల్, ఎర్త్ ఉన్న రిసీవరు లాంటిదే.

తరవాత నిర్మలమైన ఆకాశం కింద ఏమవుతుందో చూద్దామని, వెన్నుపాములోకి ఇత్తడి కొక్కెం గుచ్చి కప్ప కాళ్లను మేడ మీది ఇనుప కమ్మీలకు వేలాడదీశారు. చాలాసేపు ఏమీ జరగలేదు. కొక్కేన్ని ఇనుప కమ్మీకి అదిమి చూస్తే కాలు కదిలింది. మబ్బు లేదు, మెరుపు లేదు. అలాగే ఇంట్లోకి తెచ్చి ఇనుప పళ్లెం మీద పెట్టి కొక్కేన్ని తాకించినా కదిలింది. లోహాలు మారిస్తే కదలిక జోరు మారింది. గాజు, లక్క, ఎండు కర్ర పెడితే కదలిక లేదు.

బయటి నుంచి విద్యుత్తు రానప్పుడు అది ఎక్కడిది? కప్పలోనే ఉన్నదని గాల్వానీ తేల్చారు. కండరం ఒక లేడెన్ జాడీ వంటిది, దాని లోపలికీ బయటికీ మధ్య విద్యుదావేశాల తేడా ఉంటుంది, నాడి దానికి తీగ, బయటి లోహం ఆ రెంటినీ కలిపే దారి మాత్రమే. నాడి చుట్టూ ఉండే కొవ్వు పదార్థమే ఇన్సులేషన్ కావచ్చని కూడా ఊహించారు. ఇవన్నీ కలిపి 1791లో బొలోన్యా అకాడమీ సంపుటంలో లాటిన్ భాషలో ప్రచురించారు. మొదటి ప్రయోగానికీ ప్రచురణకూ మధ్య పదేళ్లకు పైగా గడిచింది. ఆ అచ్చు పుస్తకాన్ని లూచియా చూడలేదు. అప్పటికే ఉబ్బసంతో కన్నుమూశారు.

వోల్టా రంగంలోకి దిగారు

పుస్తకం అందినవాళ్లంతా కప్పల కోసం వెతికారు. పావియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఆచార్యులు అలెస్సాండ్రో వోల్టా కూడా 1792లో ఆ ప్రయోగాలు స్వయంగా చేసి, మొదట మెచ్చుకున్నారు. కొన్ని నెలల్లో ఆయనకు అనుమానం వచ్చింది. ఒకే లోహం వాడితే కదలిక సరిగా రావడం లేదు, రెండు వేర్వేరు లోహాలు కలిస్తేనే జోరుగా వస్తోంది. అయితే విద్యుత్తు లోహాల కలయికలోనే పుడుతుండాలి, కప్ప కాలు దాన్ని పసిగట్టే సున్నితమైన మీటరు మాత్రమే అని ఆయన వాదం. తన నాలుక మీద ఒక తగరపు రేకు, ఒక వెండి నాణెం పెట్టి రెంటినీ కలిపితే పుల్లని రుచి తగిలింది. కండరాన్ని కదిపేదే రుచి నాడినీ ప్రేరేపిస్తోంది. ప్రేరేపించేది ఒకటే, నాడి ఎక్కడికి పోతే అక్కడి పని జరుగుతుంది. నాడుల స్పందన గురించి ఇది కూడా గొప్ప పరిశీలనే.

ఇటలీ పండితులు రెండు వర్గాలయ్యారు. గాల్వానీకి వాదాలంటే పడదు. సభల్లో, పత్రికల్లో జవాబులు చెప్పే పని ఆల్దీనీ మీద వేసుకున్నాడు. గాల్వానీ జవాబు ప్రయోగశాలలో వెతికారు. లోహాలే కారణమంటున్నారు కాబట్టి లోహమే లేకుండా చేసి చూపించాలి.

1794లో పేరు వేయకుండా ఒక పుస్తకం వచ్చింది. అది ఆయనదేనని అందరికీ తెలుసు. కోసిన నాడి కొసను అదే కప్ప కండరానికి ఆనిస్తే చాలు, కాలు ముడుచుకుంటుందని అందులో ఉంది. వోల్టా ఒప్పుకోలేదు. నాడి ఒక పదార్థం, కండరం వేరొక పదార్థం, రెండు వేర్వేరు పదార్థాలు తగిలితే విద్యుత్తు పుట్టవచ్చు అన్నారు.

గాల్వానీ మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లారు. 1795లో ఏడ్రియాటిక్ తీరానికి వెళ్లి టార్పెడో చేపలను పరీక్షించి వచ్చారు. 1797లో స్పల్లన్‌జానీ అనే జీవశాస్త్రవేత్తకు రాసిన పత్రాల్లో చివరి ప్రయోగం వివరించారు. రెండు కప్ప కాళ్లు, రెంటికీ నాడులు. మొదటి నాడి కోసిన కొసను రెండో నాడి మీద, దెబ్బ తగలని చోట ఆనించారు. కాలు కదిలింది. లోహం లేదు, కండరం లేదు, తగిలినవి రెండూ నాడులే. వేర్వేరు పదార్థాలన్న మాటకు ఇక తావు లేదు. జీవ విద్యుత్తు శాస్త్రానికి ఇదే పునాది ప్రయోగమని ఈనాటి శాస్త్రజ్ఞులు అంటారు.

ప్రమాణం

ఆ ప్రయోగం లోకానికి అందే సమయానికి లోకం వేరే పనిలో ఉంది. 1796లో నెపోలియన్ సేనలు బొలోన్యాలో ప్రవేశించాయి. మరుసటేడు సిసాల్పైన్ గణతంత్రం ఏర్పడింది. కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రకటిస్తూ ఆచార్యులంతా ప్రమాణం చేయాలన్నారు. ఆ ప్రమాణంలోని మాటలు తన విశ్వాసానికి సరిపడవని గాల్వానీ నిరాకరించారు. చేసినవాళ్లను ఆయన తప్పుపట్టలేదు, తాను మాత్రం చేయలేదు. 1798 ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది, జీతం పోయింది. అరవై ఏళ్లు దాటిన మనిషి. భార్య లేదు, పిల్లలు లేరు. సోదరుడి ఇంటికి చేరారు.

మన సంఘంలో ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరైనవారు చాలామంది ఉన్నారు. నెల జీతం మీద బతికే మాస్టారికి ఆ సంతకం పెట్టకపోవడం అంటే ఏమిటో వారికి నేను చెప్పనక్కర్లేదు. ఆయన విప్లవకారుడు కాదు, ప్రభుత్వం మీద కత్తి కట్టిన మనిషి కాదు. పాఠం చెప్పుకుంటూ కప్పలు పరీక్షించుకునే మెతక మనిషి. కానీ కళ్లతో చూడనిది చూశానని కాగితం మీద రాయడు, మనసులో లేనిది నోటితో ప్రమాణం చేయడు. ఆ రెండూ నాకు ఒకే గుణంలా కనిపిస్తాయి.

ఆయన పేరు ప్రతిష్ఠలు చూసి, ప్రమాణం లేకుండానే పదవి తిరిగి ఇద్దామని ప్రభుత్వం నిర్ణయించింది. అది అమలయ్యేలోపే 1798 డిసెంబరు 4న గాల్వానీ తుదిశ్వాస విడిచారు. బొలోన్యాలోని కార్పస్ డోమినీ చర్చిలో లూచియా పక్కనే ఆయన సమాధి ఉంది.

బ్యాటరీ, తరవాతి తీర్పు

1800 మార్చి 20న వోల్టా లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశారు. వెండి, జింకు బిళ్లలను జంటలుగా, మధ్యలో ఉప్పునీట తడిపిన అట్టముక్కలు పెట్టి దొంతరగా పేర్చితే ఆగకుండా విద్యుత్తు వస్తోందన్నారు. అదే ప్రపంచంలో మొదటి బ్యాటరీ. గాల్వానీని కాదనడానికి చేసిన ఎనిమిదేళ్ల కృషిలోంచి పుట్టింది. కప్ప కాలు ఒకసారి తన్నుకుని ఊరుకుంటుంది, ఈ దొంతర మాత్రం కరెంటు ఇస్తూనే ఉంటుంది. జనం ఏది నమ్ముతారు? వోల్టా ప్యారిస్‌లో నెపోలియన్ ఎదుట ప్రదర్శించి, సత్కారాలు పొందారు. గాల్వానీ వాదం మూలబడింది. ఆల్దీనీ 1803లో లండన్‌లో ఉరితీసిన ఒక ఖైదీ శవానికి బ్యాటరీ తగిలించి దవడ కదలడం, కన్ను తెరుచుకోవడం జనానికి చూపించాడు. దానివల్ల సంచలనం పెరిగింది కానీ మేనమామ వాదానికి బలం చేకూరలేదు.

ఇక్కడి నుంచి కథ నాకు చాలా ఇష్టం. వోల్టా బ్యాటరీ సాయంతో 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ రెండు కొత్త లోహాలను విడదీశారు. పొటాషియం, సోడియం. ఈ పేర్లు గుర్తుంచుకోండి. 1820 తరవాత విద్యుత్తును కొలిచే సాధనం వచ్చింది, దానికి గాల్వనోమీటరు అని పేరు పెట్టారు. ఇటలీలో నోబిలీ, మత్తెయుచ్చి, జర్మనీలో దు బ్వా-రేమోన్ ఆ సాధనంతోనే కప్ప కండరంలో, నాడిలో విద్యుత్తు ఉందని కొలిచి చూపించారు. గాల్వానీ చెప్పింది గాల్వనోమీటరే రుజువు చేసింది.

1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో సంకేతం వేగం కొలిచారు. సెకనుకు సుమారు 30 మీటర్లు, అంటే మన ఎక్స్‌ప్రెస్ రైలు వేగం. తీగలో కరెంటు అంత నెమ్మదిగా నడవదు. కాబట్టి నాడి ఉత్త తీగ కాదు. గడ్డివాము అంటుకున్నప్పుడు చెరువు నుంచి బిందెలు చేతులు మారుతూ వచ్చినట్టు, సంకేతం నాడి వెంబడి ఒక్కో చోటా మళ్లీ మళ్లీ పుడుతూ సాగుతుంది. ఆ చేతులేమిటో 1952లో ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్ర జీవి లావాటి నాడీ తంతువు మీద పనిచేసి వివరించారు. నాడీకణం పొరకు లోపల పొటాషియం అయాన్లు ఎక్కువ, బయట సోడియం అయాన్లు ఎక్కువ. ఉద్దీపన ఒక హద్దు దాటగానే పొరలో దారులు తెరుచుకుని సోడియం లోపలికి దూసుకొస్తుంది, వెంటనే పొటాషియం బయటికి పోతుంది. అదే నాడీ ప్రచోదనం. డేవీ విడదీసిన ఆ రెండే! దీనికి 1963లో వారికి ఎక్లిస్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు, లెక్క వేశాను. విశ్రాంతిలో ఉన్న నాడీకణం పొరకు అటూ ఇటూ తేడా సుమారు 70 మిల్లీవోల్టులు. టార్చిలైటు బ్యాటరీలో ఇరవయ్యో వంతు. కానీ పొర మందం సుమారు 7 నానోమీటర్లు. భాగిస్తే మీటరుకు కోటి వోల్టులు! మా సబ్‌స్టేషనులో గాలి మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే చీలి నిప్పు పుడుతుంది. అంత ఒత్తిడిని తట్టుకుని నిలిచే పొర మన ఒంట్లో ప్రతి నాడికీ ఉంది. గాల్వానీ చెప్పిన లేడెన్ జాడీ ఇదే.

ఆయన చెప్పిందంతా నిలబడలేదు. కొక్కెం, కమ్మీ ప్రయోగంలో కాలిని ప్రేరేపించింది రెండు లోహాల మధ్య పుట్టిన విద్యుత్తే, అక్కడ వోల్టా సరి. రెండు నాడుల ప్రయోగంలో గాల్వానీ సరి. పైగా విద్యుత్తు స్విచ్ వేస్తుందే కానీ కండరానికి శక్తి ఇవ్వదు. ఆ శక్తి కండరంలోని రసాయనాలది. వాటిలో ముఖ్యమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో అమెరికాలోని హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

పేర్ల విషయంలో మాత్రం చరిత్ర తారుమారు చేసింది. 1837లో ఫ్రెంచి ఇంజనీరు సొరెల్ ఇనుముకు జింకు పూత పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. తడిలో రెండు లోహాలు కలిసి ఉంటే జింకు కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. అది వోల్టా పక్షపు సంగతి, దానికి గాల్వానీ పేరు పడింది. నాడిలో ఉండే విద్యుత్తు గాల్వానీ జీవితకాలపు వాదం. దాన్ని మనం వోల్టుల్లో కొలుస్తున్నాం.

మన చేతిలో ఉన్నది

కొత్తగా చేరిన లైన్‌మన్‌లకు భద్రత క్లాసు చెప్పేటప్పుడు గాల్వానీ కప్పతోనే మొదలుపెడతాను. కరెంటు మనిషిని పట్టేసిందని అంటాం. నిజానికి కరెంటు పట్టుకోదు, ఆ మనిషి చెయ్యే తీగను పట్టుకుంటుంది. సుమారు 10 మిల్లీఆంపియర్లు దాటితే ముంజేతి కండరాలన్నీ ఒక్కసారి ముడుచుకుంటాయి. వేళ్లు ముడిచే కండరాలు తెరిచే కండరాల కంటే బలమైనవి కాబట్టి పిడికిలి బిగుసుకుంటుంది. మెదడు వదలమని చెప్పినా ఆ మాట చేరేలోపే బయటి కరెంటు సెకనుకు వందసార్లు బిగించమంటోంది. అందుకే పట్టుబడిన మనిషిని చేత్తో లాగకూడదు, ముందు మెయిన్ ఆపాలి. అందుకే ఇళ్లలో 30 మిల్లీఆంపియర్లకే పడిపోయే బ్రేకరు పెట్టించుకోమని చెబుతుంటాను. ఇంకా పెట్టించుకోని మిత్రులు ఈ సంచిక మూసిన వెంటనే ఎలక్ట్రీషియనుకు ఫోను చేయగలరు.

అదే విద్యుత్తు కొలతలో ఉంటే ప్రాణం పోస్తుంది. ఈసీజీ కాగితం మీద గీత గుండె కండరపు విద్యుత్తు. పేస్‌మేకరు తాళం తప్పిన గుండెకు తాళం వేస్తుంది. 1870లో జర్మనీలో ఫ్రిట్ష్, హిట్జిగ్ కుక్క మెదడు పై పొరను సన్నని కరెంటుతో తాకితే ఎదుటి వైపు కాలు కదిలిందని చూపారు. మెదడులో ఏ చోటు ఏ అవయవాన్ని కదుపుతుందో అక్కడి నుంచి తెలుస్తూ వచ్చింది. మన వయసువారిలో కొందరికి పార్కిన్‌సన్స్ వణుకు తగ్గించడానికి మెదడులో సన్నని ఎలక్ట్రోడు పెడుతున్నారు. ఇదంతా ఆ కప్ప కాలి వంశమే.

ఇప్పటి పిల్లలకు ఇది చూపడానికి కప్పను కోయనక్కర్లేదు. ఇప్పుడు మన బడిలో పాఠం చెబుతున్న మాస్టార్లకు, టీచర్లకు ఒక చిన్న మనవి. ఒక పిల్లవాడు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోవాలి. ఇంకొకడు కింద సున్నా దగ్గర వేళ్లు తెరిచి ఉంచాలి. చెప్పకుండా స్కేలు వదిలితే, రెండోవాడు ఎక్కడ పట్టుకున్నాడో చూడాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే అయిదో వంతు సెకను పట్టినట్టు. కంటి నుంచి మెదడుకు, మెదడు నుంచి వేలికి ప్రయాణం అందులో కొంతే, మిగతాది మెదడు తేల్చుకోవడానికి పట్టిన కాలం. పడే వస్తువు లెక్క పి.ఎస్. మాస్టారిది, కన్ను, మెదడు, వేలు ఎన్.ఎస్. మాస్టారివి. ఇద్దరూ ఒకే పీరియడులో పక్కపక్కన నిలబడి చెప్పగలిగితే బాగుంటుంది. స్వర్ణోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మన బ్యాచ్‌ల మధ్య కూడా ఈ పోటీ పెట్టమని కమిటీని కోరుతున్నాను. స్కేళ్లు నేను తెస్తాను.

 

— ఒక పూర్వ విద్యార్థి, 1984-85 పదో తరగతి బ్యాచ్